విప్పని కట్టు

"ఆ కత్తెర కింద పెట్టు! పెడ్తవా, పెట్టవా?"

కొమురమ్మ కోడలి మణికట్టును రెండు చేతులతో ఒడిసి పట్టుకుంది. చంద్రమ్మ చేతిలో గొర్రెల ఉన్ని కత్తిరించే పెద్ద కత్తెర. దాని మొన అప్పటికే లింగయ్య మోకాలి కట్టులోకి దిగింది. పై గుడ్డ చినిగి లోపలి వెదురు బద్ద కనిపిస్తోంది.

మంచం మీద లింగయ్య కాలు చాపుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తాను కదిలితే కత్తెర ఎటు పోతుందోనని అతని భయం. తల్లికీ పెళ్లానికీ మధ్య మంచాన పడ్డ మగవాడు ఇంకేం చేస్తాడు!

"ఇడువు అత్తా. నీ సెయ్యే తెగుతది."

"తెగనియ్. నా సెయ్యి తెగితే అతుకుతది. వాని కాలు పోతే ఎవలిస్తరే? మీ అయ్య ఇస్తడా?"

"మా అయ్యనెందుకు తీస్తవ్? కోదాడ దవాఖానకు బండి కడ్తనని వచ్చింది మా అయ్యనే. పోనియ్యంది నువ్వు."

"దవాఖానకు పోయినోళ్లు కాలు కోపిచ్చుకుని వస్తరు. పెంటయ్య కట్టిండు, పెంటయ్యనే ఇప్పాలె. రోహిణి కార్తె దాక ముట్టొద్దన్నడు."

"రోహిణి! శివరాత్రి ముంగట కట్టిన కట్టు రోహిణి దాకనా? ఆ తొడ సూడు అత్తా, నా సెయ్యంత లేదు. రెండో కాలు పక్కన పెట్టి సూడు. ఒక్క మనిషి కాళ్లేనా అవి?"

కొమురమ్మ చూడలేదు. ఆమె కొంతకాలంగా ఆ కాలు వైపు చూడటమే మానేసింది.

మాఘమాసంలో ఒక గొర్రె గిట్టలో ఇరుక్కున్న ముల్లు తీద్దామని లింగయ్య వంగితే, సొంత మందలోని నల్ల పొట్టేలే పరుగెత్తుకొచ్చి పక్కనుంచి మోకాలి మీద గుద్దింది. చిప్ప పక్కకు జరిగింది. గొల్లవాణ్ణి గొర్రె పడగొట్టిందని ఆత్మకూరంతా నవ్వింది. చివ్వెంల పెంటయ్య వచ్చి, చిప్ప సరిచేసి, గుడ్డు సొనా మినపపిండీ పట్టించి, బద్దలు పెట్టి కట్టు కట్టాడు. నవ్విన వాళ్లు నవ్వడం మానేశారు గానీ లింగయ్య మాత్రం మంచం దిగలేదు.

"నువ్వన్న సెప్పవేందయ్యా?" చంద్రమ్మ మొగుడి మీదికి తిరిగింది. "గొర్రె కాలు ఇరిగితే నువ్వెన్నడు ఇప్పుతవ్? అది కాలు కింద ఆనిచ్చుడు మొదలువెడ్తనే ఇప్పుతవు కదా. ఇప్పకుంటె కాలు కర్రయితదని నాకు సెప్పింది నువ్వే."

లింగయ్య తల్లి వైపు చూశాడు.

"మనిషి కాలు ఏరే కావచ్చే" అన్నాడు మెల్లగా. "పెంటయ్య మామ తెల్వకనే సెప్పిండా? అవ్వ సూర్యాపేట అంగడికి పోయి అడిగొచ్చింది గద. ఇన్నాళ్లు ఆగినం. జర ఆగుదాం."

"ఎన్నాళ్లు ఆగుతవ్? నర్సింహ బావ ఇయ్యాల మందను కదిలిస్తుండు. నువ్వు రోహిణి నాటికన్న కృష్ణ ఒడ్డుకు వస్తనంటె మన కోత మనకుంటది. లేదంటె సెవులకు ఆయన కోత పెడ్తడు. మీ నాయిన పెట్టిన కోత, మీ అన్న పెట్టిన కోత, ఇయ్యాలటితోని ఖతం. అదన్న యాదికున్నదా?"

గొర్రె చెవికి పెట్టే కోతే ఇంటి గుర్తు. రెండు కోతల మందను ఒక్కడు తోలుకుపోతే దారిలో తప్పిపోయిన జీవానికి ఎవరు జవాబు చెప్పాలి? లింగయ్య పెదనాన్న కొడుకు నర్సింహ అడిగిందాంట్లో అన్యాయమేమీ లేదు. అందుకే ఎవరూ అతన్ని తిట్టలేకపోయారు. తిట్టడానికి ఒక మనిషి దొరికినా ఈ ఇంట్లో కొంచెం తేలికగా ఉండేది.

"యాదికున్నది" అన్నాడు లింగయ్య. "కత్తెర పెట్టు చంద్రీ."

చంద్రమ్మ కత్తెరను నేలకేసి కొట్టి బయటికి వెళ్లిపోయింది. కొమురమ్మ కొడుకు పక్కన కూలబడి, చినిగిన గుడ్డను వేళ్లతో దగ్గరికి లాగి ముడి వేసింది. ముడి గట్టిగానే పడింది.

దొడ్డి గోడకు ఆనుకుని చంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెళ్లయిన కొత్తలో ఆమె లింగయ్యను మొదట సరిగ్గా చూసింది చెరువు కింది బీడులో. దుడ్డుకర్ర మీద గడ్డం ఆనించి, ఒక కాలి మీద నిలబడి, రెండో పాదం ఆ మోకాలికి ఆనించి, పూటంతా అలాగే నిలబడగలిగేవాడు. "కొంగ లెక్క" అని ఆమె వెక్కిరించేది. ఇప్పుడు ఆ మడిచిన కాలు వంగదు. ఆ మాట తనలో తాను అనుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

ఏడుపు ఆగాక తల తిప్పి చూస్తే అత్త దొడ్లోకి వచ్చింది. కోడలు ఉన్న సంగతి గమనించలేదు. కొంగులోంచి గుప్పెడు జొన్నలు తీసి ఆ నల్ల పొట్టేలు నోటి ముందు పెట్టింది. అది తింటుంటే దాని నుదురు నిమిరింది.

కొడుకును పడగొట్టిన జంతువు అది. అమ్మేద్దామని చంద్రమ్మ ఎన్నిసార్లు అన్నా వినలేదు ముసలామె. "మూగ జీవం, దానికేం తెలుసు" అనేది. మూగ జీవాల మీద అంత దయ ఉన్న మనిషేమీ కాదు కొమురమ్మ. పాలు తన్నేసిన మేకను కర్రతో కొట్టి కుంటిని చేసింది ఒకసారి.

చంద్రమ్మకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదని గట్టిగా అనుకుంది గానీ, లోపల ఎక్కడో ఒక అనుమానం కదిలింది. ఛీ, తల్లి కదా, అనుకుని కళ్లు తుడుచుకుంది.

అప్పుడే వాకిట్లో దగ్గు వినిపించింది.

"కొమురక్కా! ఇంట్లున్నవా?"

ఆ గొంతు విని కొమురమ్మ చేతిలోని జొన్నలు నేలపాలయ్యాయి.

వాకిట్లో పెంటయ్య నిలబడి ఉన్నాడు. భుజాన తువ్వాల, కాళ్ల నిండా దుమ్ము. కూతురి ఇంట్లో ఉండి వస్తానని మిర్యాలగూడ పోయినవాడు ఇప్పట్లో రాడనే అందరూ అనుకున్నారు.

"నువ్వెట్లొచ్చినవ్ తమ్మీ?" అంది కొమురమ్మ. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"తండా గేమ్యా బండి మిర్యాలగూడ వడ్లకొచ్చింది. మీ కోడలు కబురు పెట్టిందట గద, కాలు సూడ రమ్మని. ఆ బండి మీదనే వచ్చిన. నీకు తెల్వదా?"

కొమురమ్మ కోడలి వైపు తిరిగింది. తిట్లు వస్తాయని చంద్రమ్మ సిద్ధపడింది. ముసలామె మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు గడప పక్కన నిలబడిపోయింది.

పెంటయ్య లోపలికి వచ్చి, వెలుతురు చాలక కళ్లు చిట్లించి మంచం మీది కాలును చూశాడు. చూసి, చెయ్యి పెట్టకుండానే ఆగిపోయాడు.

"ఇదేంది? ఇంకా కట్టుతోనే ఉన్నవా?"

"రోహిణి దాక ఇప్పొద్దంటివి గద మామా" అన్నాడు లింగయ్య.

"నేనా? నేనెప్పుడన్న?"

"అంగట్ల. అవ్వతోని."

పెంటయ్య వెనక్కి తిరిగి కొమురమ్మను చూశాడు. "అక్కా, నేను నీకు ఏం సెప్పిన? శివరాత్రి పోతనే బద్దలు తీసెయ్యమని సెప్పలేదా? వావిలాకు కాపడం పెట్టి రోజు జరజర వంచుమని సెప్పలేదా? ఉల్లిగడ్డల కుప్ప కాడ నిలవడి రెండుసార్లు సెప్పిచ్చుకుంటివి గదనే!"

దొడ్లో నర్సింహ మనుషులు గొర్రెలను అదిలిస్తున్న చప్పుడు లోపలికి వస్తోంది.

"అవ్వా" అన్నాడు లింగయ్య. "మర్సిపోయినవా?"

ఆ గొంతులో ఎంత ఆశ ఉందంటే, అవునను అత్తా, అవునను, అని చంద్రమ్మే మనసులో బతిమాలింది.

"మర్వలే" అంది కొమురమ్మ. "నేనే అబద్దం సెప్పిన."

గడప మీద కూర్చుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకోలేదు.

"నిరుడు మీ అన్న కాటయ్య మందతోని పోయిండు. మంద ఇల్లు సేరింది. ఒక్క జీవం తక్కువ కాలే. పాలు తాగే పిల్లతో సహా అన్నీ వచ్చినయ్. వాడే రాలే. మఠంపల్లి కాడ, కృష్ణ ఒడ్డుకే బొందపెట్టినమని ఎవలో సెప్పిపోయిండ్రు. రజాకార్ల తూటనో, సంగపోళ్ల తూటనో, అదీ సెప్పలే. ఇప్పుడు మిలిట్రీ తిరుగుతుంది. గొల్లోడు గుట్టల కనవడితే సంగానికి బువ్వ మోస్తున్నవా అని తంతున్నరట. ఎవల తూటయితేంది కన్నదానికి?"

"అందుకని..." లింగయ్య మాట పూర్తి చేయలేకపోయాడు.

"కాలు వంగకుంటె గుట్టలెక్కవు. కుంటోనివైన నా కండ్ల ముంగట ఉంటవు. ఇంటి కాడ కూసోబెట్టి పెడ్త. నేను సచ్చేదాక పెడ్త. పొట్టేలు గుద్దిన నాడు అందరు ఏడ్సిండ్రు. నేను గూడ ఏడ్సిన. ఏడ్సుకుంటనే దేవునికి దండం పెట్టిన."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్డట్టయింది ఆమె బతుకు. చెప్పేసింది గానీ చెప్పడం వల్ల ఇసుమంతైనా బరువు తగ్గలేదు. ఆమెను చూస్తే జాలి కలగాలి. చంద్రమ్మకు కలగలేదు. చెయ్యెత్తి కొట్టాలనిపించింది, నిజంగా.

లింగయ్య కట్టు మీద తల్లి వేసిన ముడిని వేలితో తడిమాడు.

"గొర్రె కసాయోన్నే నమ్ముతదంటరు" అన్నాడు. "నిజమే."

ఆ మాట అనగానే అతని మొహం పాలిపోయింది. తల్లిని ఎన్నడూ గద్దించి ఎరుగని కొడుకు. అన్న మాట వెనక్కి రాదు. కొమురమ్మ తల దించి పాదాల మీది మట్టిని గోకుతూ కూర్చుంది.

"ఏడ్సుడు తర్వాత" అన్నాడు పెంటయ్య కరుకుగా. "కత్తెరేది?"

చంద్రమ్మ అందించింది. కట్టు పొరలు పొరలుగా ఊడింది. ఎండిన పిండి పెచ్చులు మంచం మీద రాలాయి. లోపలినుంచి బయటపడ్డ కాలు తెల్లబారి, చర్మం పొట్టు రేగి, తొడ కండ జారిపోయి ఉంది. మోకాలు మాత్రమే లావుగా కనిపించింది. చంద్రమ్మ గట్టిగా కళ్లు మూసుకుని మళ్లీ తెరిచింది.

పెంటయ్య ఒక చెయ్యి మోకాలి కింద, ఒక చెయ్యి మడమ దగ్గర పెట్టి మెల్లగా వంచబోయాడు. కొంచెం వంగి ఆగిపోయింది. లింగయ్య పళ్లు బిగబట్టాడు.

"వంగుతదా మామా?"

"నీకు అబద్దం సెప్పెటోళ్లు ఇంట్ల ఉన్నరు, నేను సెప్ప. ఎంత వంగుతదో నాకు తెల్వదు. నరాలు పట్టుకపోయినయ్. శివరాత్రికి ఇప్పి ఉంటె ఇయ్యాల మందెనక నడుద్దువు. ఇప్పుడు నీ కష్టం, నీ నొసట రాత."

చంద్రమ్మ పొయ్యి మీద వావిలాకు నీళ్లు పెట్టింది. ఆ వాసన ఇల్లంతా నిండుతుంటే పెంటయ్య ఒక్కొక్కటే చేసి చూపించాడు. ముందు వేడి గుడ్డతో కాపడం. తర్వాత గొంగడిని చుట్టచుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి అదమమన్నాడు. తొడ బిగిసి నిలవాలి, ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. లింగయ్య అదిమాడు. తొడ మీద సన్నగా ఏదో పాకినట్టయి ఆగిపోయింది.

"అదే. అది సచ్చిపోలే, పండుకుంది. రోజు లేపాలె. కండ రాకుంటె మోకాలు వంగినా నిన్ను మొయ్యదు."

తర్వాత నేల మీద కూర్చోబెట్టి, మడమ కింద తవుడు పోయించాడు. మడమను తవుడు మీద జార్చుతూ తన వైపు లాక్కోవాలి, మళ్లీ చాపాలి. ఆ పైన మంచం పట్టె మీద కూర్చుని కాలు వేలాడదీయాలి.

"దాని బరువే దాన్ని వంచుతది. పొద్దుగాల జర, పగటీలి జర, పొద్దుమీకి జర. ఒక్కనాడే పౌరుషానికి పోయి సచ్చేటట్టు సేసి, నాలుగొద్దులు పండుకునుడు కాదు. నొప్పి వస్తది, రావాలె. వాపు మాత్రం రావొద్దు. పొద్దుమీకి మోకాలు ఉబ్బి ఏడెక్కిందంటె ఎక్కువైందన్నట్టు, మర్నాడు తగ్గించాలె. తగ్గించుమన్న, మానుమనలే. సమజయిందా?"

"అయింది" అన్నాడు లింగయ్య.

"ఇంకోటి. కాలు వాడు లాక్కున్నంత లాక్కున్నంక, ఎవలన్న సేత్తోని ఇంకింత ఒత్తాలె. ఆడ ఆగి పట్టుకోవాలె. వానికి వాడు ఒత్తుకోలేడు."

చంద్రమ్మ ముందుకు వచ్చింది. మొగుడి కాలిపిక్క పట్టుకుని ఒత్తింది. ఒత్తిందా, తోసిందా! పొద్దున్నుంచి దిగమింగిన కోపమంతా ఆ చేతుల్లోకి దిగింది. లింగయ్య ఇల్లెగిరిపోయేలా అరిచాడు. బయట గొర్రెలు బెదిరి ఒక్కపెట్టున కదిలాయి.

"ఆగు బిడ్డా!" పెంటయ్య ఆమె చెయ్యి లాగేశాడు. "గట్ల వంచితే వంగదు, ఇరుగుతది."

చంద్రమ్మ రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది. "నాతోని కాదు. నాకు సేతులు నిలుస్తలేవు."

లింగయ్య చెమట తుడుచుకుని గడప వైపు చూశాడు.

ఈ ఊళ్లో గొర్రెలకు కానుపు కష్టమైతే అందరూ కొమురమ్మను పిలుస్తారు. అడ్డం తిరిగిన పిల్లను లోపలే మెల్లగా తిప్పి, తల్లికీ పిల్లకూ నొప్పి తెలియకుండా బయటికి తీసే చెయ్యి అది. తొందర ఎరగని చెయ్యి.

"అవ్వా, నువ్వు రా."

ముసలామె తల ఎత్తింది.

"నువ్వే వంచు."

"నేనా? నా సేతులతోనా?"

"కట్టుంచిన సేతులే గద. రా."

ఆమె లేవలేక లేచి, వచ్చి కొడుకు కాళ్ల దగ్గర తవుట్లో కూర్చుంది. ఒక చెయ్యి మోకాలి కింద పెట్టింది, ఒకటి మడమ మీద. ఎండిపోయిన ఆ కాలును ఇన్నాళ్లకు దగ్గరగా చూసింది. తాను చేసిందేమిటో అప్పుడు తెలిసినట్టుంది, గొంతులోంచి సన్నటి మూలుగు వచ్చింది.

"నొస్తే సెప్పు కొడుకా."

"సెప్తే ఆపుతవు. సెప్ప."

ఆమె ఒత్తింది. లింగయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నోరు తెరవలేదు. మడమ తవుడు మీద ఒక వేలెడు జరిగింది. అక్కడే పట్టుకుంది ఆమె. ఆ వేలెడు ఎటు జరిగిందో ఆమెకు బాగా తెలుసు. కృష్ణ ఒడ్డు వైపు జరిగింది. ఇక రోజూ పొద్దున, పగలు, సాయంత్రం తన చేతులతోనే వాణ్ణి అటు జరపాలి.

గుమ్మంలో నీడ పడింది. నర్సింహ నిలబడి ఉన్నాడు, చేతిలో చెవులు కోసే చిన్న కత్తి. బయట దొడ్డి తలుపు తీసి ఉంది. మంద కోదాడ తోవ వైపు మొహం పెట్టి నిలబడింది.

"ఎండెక్కుతుంది సిన్నమ్మా. ఇగ నాకొక మాట సెప్పాలె. తమ్ముడు వస్తడా, రాడా? సెవులు కొయ్యాల్నా, వద్దా?"

చంద్రమ్మ ఏడుపు ఆపింది. లింగయ్య నోరు తెరిచాడు గానీ, ఆ మాట అడిగింది ఇంటి పెద్దను.

కొమురమ్మ కొడుకు కాలు వదలకుండానే తల తిప్పింది.

"కొయ్యకు" అంది. "రోహిణి కార్తె నాటికి నీ ఎనకనే మఠంపల్లికి వస్తడు."

నర్సింహ కత్తి మడిచి మొలలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తల్లి చెప్పిన ఆ మాట నిజమో అబద్ధమో లింగయ్య ఆమె మొహంలో వెతికాడు. ఈసారి అది ఆమెకూ తెలియదు.

"ఇంకింత ఒత్తాల్నా కొడుకా?" అంది కొమురమ్మ.

"ఒత్తు" అన్నాడు లింగయ్య.